పాట మీద హక్కు, రికార్డింగ్ మీద హక్కు: రెబెల్యూషన్ బ్యాండు నిలబడ్డ లెక్క

2012 జనవరిలో, జమైకాలో పుట్టిన రెగే సంగీతం వాయించే రెబెల్యూషన్ అనే కాలిఫోర్నియా బ్యాండు ‘పీస్ ఆఫ్ మైండ్’ ఆల్బం తెచ్చింది. కవరు విప్పితే మూడు సీడీలు. మొదటిది మామూలు ఆల్బం. రెండోదాంట్లో అవే పాటలు అకూస్టిక్‌గా, అంటే కరెంటు వాద్యాలు లేకుండా. మూడోదాంట్లో మళ్లీ అవే పాటలు డబ్ పద్ధతిలో, అంటే గొంతును చాలావరకు తీసేసి, బేస్ గిటార్‌నీ డ్రమ్స్‌నీ ముందుకు తెచ్చి, ప్రతిధ్వనులతో కొత్తగా కలిపినవి. పెద్ద మ్యూజిక్ కంపెనీ ఏదీ వెనక లేకుండానే అది అమెరికాలో ఆల్బంలకు ర్యాంకులిచ్చే బిల్‌బోర్డ్ 200 జాబితాలో తొలి ఇరవైలోకి వెళ్లింది. వినేవాళ్లకు ఆ రెండు సీడీలు కొసరు. లెక్క చూసేవాళ్లకు అసలు కిటుకు అక్కడే ఉంది. పాటలు కట్టింది ఒక్కసారి, అమ్ముకోదగ్గ రికార్డింగులు మూడు.

స్వతంత్ర బ్యాండు అనే మాటను మనం ఒక వైఖరిగా, ఒక రకం పౌరుషంగా వాడుతుంటాం. ఈ వ్యాపారంలో ఉన్నవాళ్లకు మాత్రం అది కాగితాల సంగతి. ప్రతి పాట మీదా రెండు వేర్వేరు ఆస్తులు ఉంటాయి. ఒకటి కూర్పు: సాహిత్యం, బాణీ. రెండోది ఆ కూర్పును ఒకానొక రోజు స్టూడియోలో పాడి వాయించి పట్టిన రికార్డింగ్. దీన్ని మాస్టర్ అంటారు. మన సినిమా పాటల్లో మాస్టర్ నిర్మాత చేతి నుంచి ఆడియో కంపెనీకి పోతుంది, పాడినవాళ్లకు ఆ ఊసే ఉండదు. కాబట్టి ఈ తేడా మనకు వెంటనే తట్టదు. అమెరికాలో పాత పద్ధతి కూడా దాదాపు అంతే: కంపెనీ డబ్బు పెడుతుంది, మాస్టర్ రాయించుకుంటుంది, బ్యాండుకు రాయల్టీ ఇస్తానంటుంది.

ఆ రాయల్టీ ఎలా పనిచేస్తుందో ఒక లెక్క వేసి చూద్దాం. కంపెనీ 2,00,000 డాలర్లు అడ్వాన్సు ఇచ్చింది, రాయల్టీ 16 శాతం అనుకోండి. అడ్వాన్సు బ్యాండు వాటాలోంచే తీరాలి. అంటే ఆల్బం మీద 12,50,000 డాలర్ల రాబడి వచ్చేదాకా బ్యాండుకు కొత్తగా ఒక్క డాలరు రాదు. ఆ సరికి కంపెనీ చేతికి పన్నెండున్నర లక్షలు వచ్చాయి, బ్యాండు ఇంకా సున్నా దగ్గరే ఉంది. పైగా వీడియో ఖర్చు, రేడియో ప్రచారం ఖర్చు చాలా ఒప్పందాల్లో అదే బాకీకి కలుస్తాయి. ఇంతా తీర్చాక కూడా మాస్టర్ కంపెనీదే. ఇల్లు అప్పంతా కట్టేశాక కూడా పట్టా బ్యాంకు పేరు మీదే ఉన్నట్టు.

రెండో దారి సొంతంగా ఖర్చు పెట్టుకుని, సరుకు చేరవేసే పనికి మాత్రమే డిస్ట్రిబ్యూటర్‌ను పెట్టుకోవడం. డిస్ట్రిబ్యూటర్ వచ్చినదాంట్లో 15 నుంచి 30 శాతం దాకా తీసుకుని మిగతాది పంపిస్తాడు. మాస్టర్ జోలికి రాడు. రెబెల్యూషన్ పట్టింది ఈ దారే.

బ్యాండు పుట్టింది 2004లో, శాంటా బార్బరా పక్కన ఐలా విస్టాలో. యూనివర్సిటీని ఆనుకుని, సముద్రం ఒడ్డున, విద్యార్థులతో కిక్కిరిసిన చిన్న పేట అది. ఎరిక్ రాక్‌మనీ గాత్రం, గిటార్, రోరీ కేరీ కీబోర్డ్, మార్లీ డి. విలియమ్స్ బేస్, వెస్లీ ఫిన్లీ డ్రమ్స్. ఇళ్ల పెరట్లలో పార్టీలకు వాయించడంతో మొదలు. విద్యార్థుల ఊళ్లో మొదలవడానికి ఒక లాభం ఉంది, దాన్ని చాలామంది పట్టించుకోరు. ఏటా జూన్‌లో కొన్ని వేల మంది చదువు ముగించుకుని శాన్ డియేగో, లాస్ ఏంజలెస్, శాన్‌ఫ్రాన్సిస్కో, డెన్వర్ వెళ్లిపోతారు. వెళ్తూ వెళ్తూ సీడీ పట్టుకెళ్తారు. తొలి టూరుకు ఆ ఊళ్లు వెళ్లేసరికి తెలిసిన మొహాలు హాల్లో కొన్ని ఉంటాయి. కొత్త బ్యాండుకు ఖాళీ హాలు, నూట యాభై మంది ఉన్న హాలు: ఈ రెండింటి మధ్య తేడాయే రెండోసారి పిలుపు.

దారి మాత్రం వీళ్లు కొత్తగా వేసింది కాదు. లాంగ్ బీచ్‌లో 1988లో మొదలైన సబ్లైమ్ అనే బ్యాండు, తన గాయకుడు బ్రాడ్లీ నోవెల్, మిగెల్ హాపోల్ట్ కలిసి పెట్టుకున్న స్కంక్ రికార్డ్స్ అనే చిన్న లేబుల్ (రికార్డు కంపెనీ) పేరు మీద 1992లో తొలి ఆల్బం తెచ్చి చేతుల మీదుగా అమ్ముకుంది. ఆ తర్వాత పెద్ద కంపెనీకి వెళ్లింది. 1996 మేలో నోవెల్ హెరాయిన్ మోతాదు మించి చనిపోయాడు. రెండు నెలలకు వచ్చిన ఆల్బం దేశమంతా మోగింది, వాయించడానికి బ్యాండు లేదు. అదే స్కంక్ రికార్డ్స్ స్కూల్లో ఉండగానే చేరదీసిన శాన్ డియేగో కుర్రాళ్లు స్లైట్లీ స్టూపిడ్‌గా ఎదిగారు. తర్వాత సొంత లేబుల్ పెట్టుకుని, రేడియోను పక్కన పెట్టి, ఏడాదిలో ఎక్కువ రోజులు రోడ్డు మీదే ఉంటూ కూడా బతకొచ్చని చూపించారు. రెబెల్యూషన్‌కు నమూనా ఇదే.

రెగే-రాక్ అనే మిశ్రమం ఎక్కడ అతుకుతుందో, ఎక్కడ ఊడుతుందో ఇక్కడ చెప్పుకోవాలి. ఒకటి, రెండు, మూడు, నాలుగు అని లెక్కపెట్టండి, నిమిషానికి 150 దెబ్బలకు అటూ ఇటూ. రాక్‌లో కిక్ డ్రమ్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్) ఒకటి మీద, మూడు మీద. స్నేర్ (కర్రతో కొట్టే చిన్న డ్రమ్) రెండు మీద, నాలుగు మీద. రెగేలో ‘వన్ డ్రాప్’ అనే నడకలో ఒకటి మీద డ్రమ్ ఏమీ ఉండదు. కిక్కూ, స్నేర్ అంచు మీద కర్రదెబ్బా కలిసి మూడు మీద పడతాయి. గిటార్ రెండు మీద, నాలుగు మీద పొట్టిగా తెగుతుంది. తాళం పడ్డాక కాస్త ఆగి ఎత్తుకునే కీర్తనలు విన్న చెవికి ఈ ఖాళీ రుచి వెంటనే తెలుస్తుంది. రాక్ నుంచి వచ్చిన డ్రమ్మర్ చేసే మొదటి తప్పు ఆ ఖాళీని భరించలేక ఒకటి మీద కిక్ వేసేయడం. అంతటితో నడక గెంతులా మారిపోతుంది. గిటారిస్టు చేసే తప్పు తీగను మోగనివ్వడం. దెబ్బ పడీ పడగానే ఎడమచేతి పట్టు సడలించి తీగను చంపేయాలి. లేకపోతే ఆ దెబ్బకు ముందూ వెనకా సన్నగా నింపుతున్న ఆర్గాన్ బురదలో పడుతుంది. బేస్‌లో టోన్ నాబ్ బాగా కిందికి దించి, మెడకు దగ్గరగా మీటుతారు. ఇక హాల్లో సౌండ్ మనిషికి ఉండే తలనొప్పి కిక్కూ బేసూ రెండూ 50 నుంచి 80 హెర్ట్జ్ మధ్యే కొట్టుకోవడం. రెగేలో పాటను మోసేది బేసే కాబట్టి అక్కడ తగ్గాల్సింది కిక్కే. రాక్ షోలు కలిపి అలవాటైన చేతులు సరిగ్గా తిరగేసి చేస్తాయి.

సబ్లైమ్ రెగే నుంచి ఒక్క ఉదుటున పంక్‌లోకి దూకేది. రెబెల్యూషన్ అలా దూకదు. నడక చాలావరకు రెగేలోనే ఉంచి, గిటార్ సోలోలోనూ పాట కట్టిన తీరులోనూ రాక్‌ను రానిస్తుంది. వీళ్లను రెగే-రాక్ అనడం కంటే అమెరికన్ రెగే అనడమే సబబని నా అభిప్రాయం. దుకాణాల అరలు, సంగీత పండగల పోస్టర్లు ఆ తేడాను పట్టించుకోవు.

డబ్ సీడీకి ప్రతిధ్వని పెట్టడంలోనూ చిన్న గణితం ఉంది. 150 లెక్కన ఒక్కో దెబ్బ 400 మిల్లీసెకండ్లు. ప్రతిధ్వని ఎంతసేపటికి రావాలో చెప్పే డిలేను కూడా 400 దగ్గరే పెడితే రెండు మీద కొట్టిన గిటార్ ప్రతిధ్వని వెళ్లి మూడు మీది డ్రమ్ దెబ్బ కింద నలిగిపోతుంది. 600 దగ్గర పెడితే దెబ్బన్నర తర్వాత, మూడుకూ నాలుగుకూ నడుమ ఖాళీలో పడి స్పష్టంగా వినపడుతుంది. స్టూడియో మళ్లీ బాడుగకు తీసుకోకుండా, ఉన్న ట్రాకులతోనే, మంచి మిక్సింగ్ చేతితో కొత్త మాస్టర్ పుడుతుంది. మాస్టర్ తమదైతే ఇది చవకైన పంట. కంపెనీదైతే అనుమతి అడగాలి, దాని ఖర్చూ బాకీలో రాయించుకోవాలి.

తొలి పూర్తి ఆల్బం ‘కరేజ్ టు గ్రో’ 2007లో సొంతంగా విడుదల చేశారు. ఐట్యూన్స్ సంపాదకులు ఆ ఏటి మేటి రెగే ఆల్బంగా దాన్ని ఎంచారు. కాలం కూడా కలిసొచ్చింది. అంతకు పదేళ్ల ముందైతే దేశమంతా దుకాణాల్లో సీడీ కనపడాలంటే పెద్ద పంపిణీదారు కావాలి. 2007 నాటికి సీడీ బేబీ, ట్యూన్‌కోర్ లాంటి సేవలు కొద్ది ఫీజుకే ఎవరి పాటనైనా ఐట్యూన్స్ దాకా చేర్చేవి. 2009లో రెండో ఆల్బం ‘బ్రైట్ సైడ్ ఆఫ్ లైఫ్’ బిల్‌బోర్డ్ రెగే జాబితాలో మొదటి స్థానానికి వెళ్లింది. తర్వాత 87 మ్యూజిక్ అనే సొంత లేబుల్ పేరు స్థిరపడింది. 2014లో ‘కౌంట్ మీ ఇన్’ నాటికి న్యూయార్క్ రెగే లేబుల్ ఈజీ స్టార్ పేరు కూడా పక్కన చేరింది. స్వతంత్రం అంటే ఒంటరిగా ఉండటమని అర్థం కాదు. తమ సంగీతం తెలిసిన చిన్న లేబుల్‌కు ప్రచారం, పంపిణీ అప్పగించడమూ అందులో భాగమే.

సొంత లేబుల్ పేరు పెట్టుకోవడం తేలిక. ఆ పేరు కింద రాతకోతలు చేయడంలోనే చాలా బ్యాండ్లు తప్పుతాయి. ప్రతి రికార్డింగుకూ దాన్ని విడిగా గుర్తుపట్టే ఐఎస్ఆర్‌సీ సంకేతం కావాలి. మామూలు పాటకూ, అకూస్టిక్‌కూ, డబ్‌కూ వేర్వేరు సంకేతాలు. ఒకటే వాడేస్తే మూడింటి డబ్బు ఒక ఖాతాలో కలిసి, ఏది ఎంత ఆడిందో తేలదు. పాట కూర్పును, రాసినవాళ్ల తరఫున డబ్బు వసూలు చేసే ఆస్‌క్యాప్‌లోనో బీఎంఐలోనో నమోదు చేయాలి. స్ట్రీమింగ్‌లో కూర్పుకు వచ్చే మెకానికల్ రాయల్టీ కోసం 2021లో పని మొదలుపెట్టిన ఎంఎల్‌సీ అనే సంస్థలో విడిగా నమోదు చేయాలి. డిజిటల్ రేడియో డబ్బు సౌండ్ ఎక్స్ఛేంజ్ అనే సంస్థ నుంచి వస్తుంది. అందులో 50 శాతం మాస్టర్ ఎవరిదైతే వాళ్లకు, 45 శాతం ప్రధాన కళాకారులకు, 5 శాతం పక్కవాద్యాల వాళ్ల నిధికి. మాస్టర్ తమదే అయిన బ్యాండు మొదటి రెండు వాటాలూ తీసుకోవాలి. కళాకారుడిగా నమోదై లేబుల్‌గా నమోదు కాకపోతే ఆ సగం అక్కడే ఆగిపోతుంది, అడిగేవాడు లేక. మామూలు ఎఫ్ఎం రేడియో అయితే అమెరికాలో మాస్టర్‌కు అసలు ఏమీ చెల్లించదు, కూర్పుకు మాత్రమే చెల్లిస్తుంది. ఎంత మోగినా అంతే.

బ్యాండు లోపలి గొడవలు కూడా ఎక్కువగా కూర్పు దగ్గరే మొదలవుతాయి. అమ్ముడైన ప్రతి సీడీలో ఒక్కో పాటకు చట్టం ప్రకారం కూర్పుకు 2006 నుంచి 2022 దాకా 9.1 సెంట్లు, 2023లో 12 సెంట్లు. పన్నెండు పాటల సీడీకి పాత రేటున 1 డాలరు 9 సెంట్లు. రాసినవాడిగా ఒక్క గాయకుడి పేరే ఉంటే ఆ డబ్బంతా అతనిదే. ఆ పాటను నిలబెట్టిన బేస్ వరస వాయించినవాడికి కూర్పులో ఏమీ రాదు. రెగేలో బేస్ వరసే సగం పాట కాబట్టి ఇది మామూలు రాక్ బ్యాండులో కంటే ఎక్కువ మంట పెడుతుంది. తెలివైన బ్యాండ్లు వాటాలు మొదటి ఆల్బంకు ముందే, ఎవరికీ డబ్బు కనపడకముందే రాసుకుంటాయి.

స్ట్రీమింగ్ మీద ఒక్క మాట. స్ట్రీముకు ఇంతని స్థిరమైన రేటు లేదు. వచ్చిన మొత్తం డబ్బును మొత్తం వినికిడిలో వాటాల ప్రకారం పంచుతారు. మాస్టర్ వైపు సుమారుగా పది లక్షల స్ట్రీములకు 3,000 నుంచి 4,000 డాలర్లు. డిస్ట్రిబ్యూటర్ వాటా పోను సొంత మాస్టర్ ఉన్న బ్యాండుకు అందులో 70 నుంచి 85 శాతం దాకా చేతికొస్తుంది. 16 శాతం ఒప్పందంలో ఉన్న బ్యాండుకు ఐదారు వందలు, అదీ బాకీ తీరితేనే. నలుగురు పంచుకోవాలి. అందుకే ఇంటి అద్దెలు కట్టేది రికార్డులు కాదు, రోడ్డు.

రోడ్డు లెక్క ఇలా నడుస్తుంది. వెయ్యి మంది పట్టే హాలు, టికెట్ 30 డాలర్లు, హాలు నిండింది: 30,000. హాలు అద్దె, సెక్యూరిటీ, ప్రకటనలు, సౌండ్ మనుషులు కలిపి షో ఏర్పాటు చేసే ప్రమోటర్ ఖర్చు 9,000 అనుకుందాం. ఒప్పందం ‘10,000 గ్యారంటీ, లేదా నికరంలో 85 శాతం, ఏది ఎక్కువైతే అది’. నికరం 21,000లో 85 శాతం 17,850. బ్యాండుకు అదొస్తుంది. ఏజెంటుకు 10 శాతం 1,785, మేనేజరుకు 15 శాతం సుమారు 2,678. మిగిలింది 13,387. దాంట్లోంచి బస్సు బాడుగ, డీజిలు, డ్రైవర్ జీతం, సౌండ్, లైట్లు, సరుకు అమ్మే మనిషి, తిండి, బీమా.

అదే హాలుకు 400 మందే వచ్చారనుకోండి. 12,000లో ఖర్చులు పోను 3,000. బ్యాండుకు గ్యారంటీ 10,000 దక్కుతుంది, ప్రమోటర్‌కు 7,000 నష్టం. గెలిచామని బ్యాండు సంబరపడితే పొరపాటే. వచ్చే ఏడు ఆ ఊళ్లో గ్యారంటీ సగానికి పడుతుంది, లేదా ఫోనే రాదు. నాలుగు వందల మంది పట్టే హాలు నింపి టికెట్లు దొరక్కుండా చేయడం, వెయ్యి మంది హాలు సగం ఖాళీగా ఉంచడం కంటే మేలని రోడ్డు మీద రెండేళ్లు తిరిగినవాళ్లందరికీ తెలుసు. అయినా పేరు కోసం పెద్ద హాలు ఒప్పుకుంటూనే ఉంటారు.

రాత్రి షో అయ్యాక జరిగే లెక్కను సెటిల్‌మెంట్ అంటారు. టూర్ మేనేజర్ ప్రమోటర్ ఎదురుగా కూర్చుని ఖర్చుల పద్దు ఒక్కొక్కటీ బిల్లుతో సరిచూస్తాడు. ఒప్పందంలో లేని పద్దు చేరితే అక్కడే కొట్టేయించాలి, బస్సెక్కాక ఏమీ చేయలేరు. ఆ రోజు పాడిన పాటల జాబితాను కూడా అప్పుడే ఆస్‌క్యాప్‌కో బీఎంఐకో పంపడం మంచి అలవాటు. సొంత పాటలు సొంతంగా పాడినా కూర్పు హక్కుల మీద కొంత డబ్బు వస్తుంది. అడక్కపోతే రాదు.

బస్సులో మామూలుగా పన్నెండు పడకలు. నలుగురు సభ్యులు, బాకా ఊదేవాళ్లు, సిబ్బంది కలిస్తే పదమూడో మనిషికి చోటుండదు. రెండో బస్సు అంటే ఖర్చు రెట్టింపు. డ్రైవర్ చట్టప్రకారం పది గంటలకు మించి నడపకూడదు, తర్వాత వరసగా ఎనిమిది గంటలు విశ్రాంతి. అందుకని షోకూ షోకూ మధ్య నాలుగు వందల మైళ్లలోపు ఉండేలా వరస కూర్చుకుంటారు. డెన్వర్ నుంచి సాల్ట్ లేక్ సిటీ ఐదు వందల పైచిలుకు మైళ్లు, మధ్యలో కొండలు, శీతాకాలంలో మంచు. అలాంటి చోట ఒక ఖాళీ రోజు పెట్టాలి. ఖాళీ రోజున రాబడి సున్నా, బస్సు మీటరు మాత్రం తిరుగుతూనే ఉంటుంది. వారానికి ఐదు షోలు పడితే గిట్టుబాటు, మూడు పడితే చేతి సొమ్ము పోతుంది.

లోటు పూడ్చేది చాలాసార్లు టీషర్టు. 35 డాలర్లకు అమ్మిన షర్టులో అమ్మకం పన్ను పోను 32 చిల్లర. హాలు వాటా 20 శాతం అంటే ఆరున్నర. అచ్చు వేయించిన ఖర్చు ఎనిమిది. కార్డు కమీషను ఒకటి. బ్యాండుకు పదిహేడు దాకా మిగులుతుంది. పది లక్షల స్ట్రీములకు వచ్చేది రెండు వందల లోపు షర్టులతో వస్తుంది, ఒక్క మంచి రాత్రిలో. ఇక్కడ చెడేది కొలతల దగ్గర. అన్ని సైజులూ సమానంగా అచ్చు వేయిస్తే టూరు మూడో వారానికి మీడియం, లార్జ్ అయిపోయి, స్మాల్ పెట్టెలు బస్సు కింద దేశమంతా ఊరేగుతాయి. ఇంకో చోట చెడేది లెక్కింపులో. తలుపులు తెరిచేముందు ఎన్ని ఉన్నాయో, మూసేటప్పుడు ఎన్ని ఉన్నాయో హాలు మనిషి ఎదుటే లెక్కపెట్టి సంతకం పెట్టించుకోకపోతే, ఉచితంగా పంచినవాటి మీద కూడా హాలుకు 20 శాతం కట్టాల్సొస్తుంది. 2023 సెప్టెంబరులో లైవ్ నేషన్ సంస్థ తన క్లబ్బుల్లో ఈ వాటా తీసుకోవడం ఆపుతున్నట్టు ప్రకటించింది. చాలా హాళ్లలో మాత్రం ఆ వాటా ఉంది.

క్లబ్బుల నుంచి ఆరుబయలు వేదికల దాకా ఎదగడానికి రెబెల్యూషన్ ఎంచుకున్న మార్గం వేసవి ప్యాకేజీ. ఒకే టికెట్ మీద మూడు నాలుగు రెగే బ్యాండ్లు, అవే వేదికలు, ఏటేటా. ‘గుడ్ వైబ్స్’ పేరుతో ఈ వేసవి టూర్లు నడిపారు. ఒక్కరే వెళ్తే మూడు వేల మంది వచ్చే ఊళ్లో నలుగురు కలిస్తే ఆరు వేలు. వేదిక, సౌండ్ ఖర్చు ఒకటే. చిన్న బ్యాండుకు పెద్ద జనం, పెద్ద బ్యాండుకు నిండిన మైదానం. కొలరాడోలో ఎర్రరాళ్ల మధ్య తొమ్మిదిన్నర వేల మంది పట్టే రెడ్ రాక్స్ ఈ సంగీతానికి తీర్థం లాంటిది. మాంటెరేలో 2010లో మొదలైన కాలిఫోర్నియా రూట్స్ లాంటి పండగలు ఇంకో ఆసరా. పండగ ఒప్పందంలో చూసుకోవాల్సింది దూరం షరతు: అంతకు ఇన్ని వారాల ముందూ తర్వాతా, ఇన్ని మైళ్లలోపు ఇంకో షో పెట్టుకోకూడదని ఉంటుంది. కాలిఫోర్నియాలో ఒక్క పండగకు ఒప్పుకుని సంతకం చేసేస్తే, తీరం పొడవునా వరస టూరు చితికిపోతుంది.

2016లో వచ్చిన ‘ఫాలింగ్ ఇంటు ప్లేస్’ గ్రామీ ఉత్తమ రెగే ఆల్బం విభాగంలో నామినేషన్ తెచ్చుకుంది, అవార్డు జిగీ మార్లీకి వెళ్లింది. అయితే 2022లో అదే విభాగంలో వర్జీనియా బ్యాండు సోజా గెలిచినప్పుడు, స్పైస్, షాన్ పాల్, ఎటానా, జెస్సీ రాయల్ లాంటి జమైకా వాళ్లను కాదని అమెరికా బ్యాండుకు ఇవ్వడమేమిటని పెద్ద దుమారం లేచింది. ఆ కోపాన్ని కేవలం అసూయ అని కొట్టేయడానికి లేదు. బిల్‌బోర్డ్ రెగే జాబితా లెక్కించేది అమెరికా మార్కెట్‌ను. కాలిఫోర్నియా బ్యాండుకు ఏడాదికి వంద ఊళ్లు రోడ్డు మార్గాన అందుతాయి. జమైకా రాజధాని కింగ్‌స్టన్ బ్యాండుకు ముందు వీసాలు, తర్వాత విమానం టికెట్లు, ఆ తర్వాతే బస్సు. పైన వేసిన గిట్టుబాటు లెక్కంతా వాళ్లకు మొదటి రోజే తలకిందులు. రెబెల్యూషన్ తన ఆల్బంలలో డాన్ కార్లోస్, ప్రోటోజే లాంటి జమైకా గొంతులకు చోటిచ్చింది. మర్యాదగా అది బాగానే ఉంది, లెక్కను మాత్రం అది మార్చదు.

2020 మార్చిలో కరోనాతో రోడ్డు మూతపడింది. టికెట్ల డబ్బు లేదు, షర్టుల డబ్బు లేదు. రెబెల్యూషన్ తర్వాతి ఆల్బం ‘ఇన్ ద మొమెంట్’ 2021 జూన్‌లో వచ్చింది. ఈలోగా ఇలాంటి బ్యాండ్లకు ఎంతో కొంత అంటూ నెలనెలా వచ్చింది పాత మాస్టర్ల మీదే, పది పన్నెండేళ్ల కింద సొంత ఖర్చుతో చేసుకున్న ఆల్బంల మీద. సౌండ్ బోర్డు దగ్గర నిలబడేవాడికి, లైట్లు కట్టేవాడికి, రాత్రంతా బస్సు నడిపేవాడికి ఆ కాగితాల్లో వాటా ఉండదు. వాళ్ల జీతం షో ఉన్న రోజుకే.